కన్నీటి రంధ్రం దగ్గర వినిపించిన గొంతు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వే వచ్చేది. తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పద్నాలుగేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మునిరత్నం ఆచారిది కార్వేటినగరం. డెబ్బై దాటిన మనిషి. బంగారు పని చేస్తాడు, పిల్లలకి చెవులు కుడతాడు. రెండేళ్లుగా ఎడమ కన్ను ఆగకుండా కారుతోంది. చూపు మసకబారి చెవులు కుట్టడం మానేశాడు.

"ఎప్పుడు సూసినా ఏడస్తా ఉండావేమప్పా అంటారమ్మా జనం. నాకు దుఃఖమేమీ లేదు, నీళ్లే నిలబడవు" అన్నాడు మా డాక్టరమ్మతో.

కింది రెప్ప అంచున, ముక్కు వైపు, కన్నీళ్లు లోపలికి దిగే సన్నటి రంధ్రం ఉంటుంది. ఆయనకది దాదాపు పూడుకుపోయింది. దాన్ని వెడల్పు చేసి, అంచు కొద్దిగా కత్తిరిస్తే చాలు. చిన్న ఆపరేషనే, కానీ ముందు ఆ రంధ్రం దొరకాలి కదా.

ఉదయం పదకొండింటికి మొదలుపెట్టాం. రెప్పకి మత్తు ఇచ్చాం, మనిషి మెలకువగానే ఉన్నాడు. మైక్రోస్కోప్ కింద ఎంత వెతికినా రంధ్రం జాడ లేదు. డాక్టరమ్మ చేతులు చూస్తే నాకెప్పుడూ ముచ్చటే. అరగంటైనా వణుకు లేదు, విసుగు లేదు. చివరికి నాతో నెమ్మదిగా అంది: "దొరక్కపోతే పెద్ద ఆపరేషన్‌కి పోవాల్సిందే సిస్టర్."

అప్పుడు ఒక ముసలి గొంతు వినిపించింది. "ముక్కు దిక్కు కాదు పాపా. సెవి దిక్కు జరుగు, నువ్వుగింజంత."

"సరే తాతా" అంది డాక్టరమ్మ, తల ఎత్తకుండానే. సూదిలాంటి సన్న కడ్డీని అటు జరిపింది. మెత్తగా లోపలికి దిగింది. ఇక కత్తిరింపు రెండు నిమిషాల పని. ఆ రంధ్రంలోంచి ఉప్పునీళ్లు ఎక్కించి, గొంతులో తగిలిందా అని అడిగింది.

"తగిలిందమ్మా, ఉప్పగా ఉండాది!"

మొహం మీది గుడ్డ తీశాక ఆమె నవ్వుతూ, "మీరు చెప్పబట్టే దొరికింది" అంది.

ఆయన తెల్లబోయాడు. "నేనెప్పుడు సెప్పినానమ్మా? కదలొద్దన్నారని నోరే మెదపలేదు. ఎవురో పెద్దాయన సెప్తా ఉంటే ఇన్నాను. ఇంకో డాక్టరనుకున్నా."

గదిలో ఉన్నది మేం ముగ్గురమే. ఆపరేషన్ వీడియోలో మాటలు కూడా రికార్డవుతాయి. పెట్టి చూశాం. డాక్టరమ్మ "సరే తాతా" అనడం స్పష్టంగా ఉంది. దానికి ముందు మిషన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వారం తర్వాత చెకప్‌కి వచ్చాడు. కన్ను తేటగా ఉంది. ఆ రోజు వినిపించింది పోయిన మీ నాయన గొంతేమో అని ఆపుకోలేక అడిగాను.

"మా నాయన గొంతు నాకు తెలీదా సిస్టర్? ఆయన కాదు. ఎవురైనా కానీ, పని తెలిసినాయన. అయినా మెచ్చుకోవాల్సింది డాక్టరమ్మని. అంత సదివి కూడా, నువ్వెవురు సెప్పేదానికి అనకుండా ఇనింది."

ఆ తర్వాత ఇలాంటి ఆపరేషన్లు చాలా చేశాం. రంధ్రం దొరకనప్పుడు డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. నేనూ ఊపిరి బిగబట్టి వింటాను. మళ్లీ ఎవరూ పలకలేదు. ఆ రోజు పలికిందెవరో ఇప్పటికీ చెప్పలేను.