నేను గీసిన చెవులు

మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఎవరో ఒక ఫొటో పెట్టారు. లిఫ్టు కెమెరాలో పడిన బొమ్మ అది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, జుట్టు సగానికి బంగారు రంగు, ఒక చెవికి పోగు, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు. ఈ శాల్తీ ఎవరు, ఎవరింటికి వచ్చాడు అని మొదలైన మాట పావుగంటలో గంజాయి బ్యాచ్ దాకా పోయి, వాచ్‌మన్‌కు నాలుగు చీవాట్లు పడేదాకా ఆగలేదు. తీరా చూస్తే మూడో అంతస్తు వాళ్ళ ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కట. అది తెలిశాక అందరూ గప్‌చిప్ అయ్యారు గానీ పొరపాటైందని ఒక్కరూ రాయలేదు. నిజం చెప్పాలంటే ఆ ఫొటో చూడగానే నా మనసులో మెదిలిందీ అదే మాట. నేను రాయకపోవడం నా మంచితనం కాదు, ఆ చిన్న అక్షరాలు టైపు చెయ్యడం నాకు చేతకాదు.

నా ఈడు వాళ్ళకు బెల్‌బాటమ్‌ల రోజులు గుర్తుండే ఉంటాయి. ప్యాంటు అంచులు రోడ్డు ఊడుస్తూ పోయేవి, చొక్కా కాలర్లు భుజాల మీదికి వాలేవి, కృతాలు దవడల దాకా దిగేవి. ఆ రోజుల్లో నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. మాది ఉయ్యూరు పక్కన చిన్న పల్లె. రెండెకరాల చెరకు, ఒక గేదె, నేను, నా వెనక ఒక చెల్లెలు. చదువు ఇంటరుతో ఆగిపోయినా బొమ్మలు గీసే చెయ్యి ఉండడం వల్ల స్టూడియోలో రిటచింగ్ పని దొరికింది. ఇప్పటి పిల్లలకు రిటచింగ్ అంటే ఫోను మీద వేలు రాయడమే. అప్పుడు ఏటవాలు బల్ల మీద నెగటివును అద్దానికి ఆనించి, వెనక నుంచి వెలుగు పడేట్టు పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో దాని మీద చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. పెన్సిలు పడిన చోటు ప్రింటులో తెల్లబడుతుంది. మొటిమలు, మచ్చలు, కళ్ళ కింది నలుపు అన్నీ అట్లా నా బల్ల మీదే మాయమయ్యేవి, పెళ్ళి సంబంధాలకు పంపే ఫొటో నేను ముట్టుకోకుండా ఒక్కటీ బయటికి వెళ్ళేది కాదు. మా నాన్న మాత్రం నా పని గురించి ఎవరైనా అడిగితే స్టూడియో అని చెప్పేవాడు కాదు, మావాడికి బెజవాడలో ఆఫీసు ఉద్యోగం అనేవాడు.

ఆదివారం వచ్చిందంటే ఆటోనగర్ కుర్రాళ్ళు దిగేవాళ్ళు. వారమంతా ఇనుము తరిగే లేతు మిషన్ల దగ్గర, లారీల కింద, వెల్డింగు మంటల ముందు పనిచేసి, ఆ ఒక్కరోజూ తలంటుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, నలుగురైదుగురు కలిసి ఫొటో దిగడానికి వచ్చేవాళ్ళు. మెడ కిందికి జుట్టు, అరచేతి వెడల్పు బెల్టు, నల్లకళ్ళద్దాలు. మా ఓనరుగారు వాళ్ళకు పెట్టిన పేరు హిప్పీ బ్యాచ్. కుటుంబాలతో వచ్చిన వాళ్ళకు లోపల కుర్చీలు, వీళ్ళకు బయట మెట్లు. దరఖాస్తు ఫొటోల కోసం స్టూడియోలో ఒక కోటు ఉండేది, గ్రీజు అంటుతుందని అది వీళ్ళకు ఇచ్చేవాళ్ళం కాదు. వీళ్ళ ఫొటో ఎంత బాగా వచ్చినా ముందున్న అద్దాల బీరువాలో పెట్టేవాళ్ళం కాదు, షాపుకు వచ్చే ఆడవాళ్ళు జడుసుకుంటారని. తమాషా ఏమిటంటే కాలేజీలో చదివే ఓనరుగారి అబ్బాయికీ అంత జుట్టే ఉండేది, అతని ఫొటో ఆ బీరువాలో నడిమధ్యన ఉండేది. నేను వేసుకున్నదీ బెల్‌బాటమే, ఆ కుర్రాళ్ళు కుట్టించుకునే టైలరు దగ్గరే కుట్టించాను. ఊరికి వెళితే నన్ను పట్నవాసం బాబు అని మురిసిపోయేవాళ్ళు, అదే ప్యాంటు ఈ కుర్రాళ్ళు వేసుకుంటే రౌడీ వేషం అనేవాళ్ళు, ఆ అనేవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫొటోలు కడిగే మందునీళ్ళలో నాని నా గోళ్ళు గోధుమరంగుకు తిరిగి ఉండేవి, అయినా నూనె నలుపు పట్టిన వాళ్ళ గోళ్ళు చూసి మొహం చిట్లించేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, సంచిలోంచి ఒక ఫొటో తీసి నా ముందు పెట్టింది. రెండు వారాల ముందు మా దగ్గరే దిగిన ఫొటో. లేతు పని చేసే కుర్రాడు. భుజాల దాకా జుట్టు, దవడల దాకా కృతాలు. ఆవిడ కొడుకట. భర్త పోయాక ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి, ఆటోనగర్ పక్కన అద్దె ఇంట్లో కొడుకుతో ఉంటోందట.

"ఈ జుట్టు కాస్త తీసెయ్యి నాయనా. కత్తిరించుకోరా అంటే నవ్వి ఊరుకుంటాడు. సంబంధం మాట్లాడుతున్నారు, వాళ్ళు మర్యాదస్తులంట. ఇది పంపితే గడప తొక్కనిస్తారా? బంగారంలాంటి పిల్లాడు బాబూ, ఈ జుట్టే గానీ ఇంకో పాడలవాటు లేదు," అంది.

సంబంధం ఎక్కడిదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. పని మాత్రం రెండు రోజులు పట్టింది. వెనక తెర లేతరంగుది కావడం కలిసొచ్చి, జుట్టును కొద్దికొద్దిగా తెరలో కలిపేశాను, కృతాలను చెంపల్లో కలిపేశాను. చిక్కంతా చెవులతోనే వచ్చింది. అవి జుట్టు కింద ఉన్నాయి, ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. చివరికి గోడ మీది అద్దంలో నా చెవులు చూసుకుని అవే గీశాను. ఓనరుగారు ప్రింటు చూసి, రౌడీని గుమాస్తాను చేశావు కదరా అని వీపు తట్టారు. ఆ మెప్పుకు వారం రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మాకు సెలవు మంగళవారం. తర్వాతి నెలలో ఒక మంగళవారం ఊరికి వెళ్ళేసరికి నాన్న ఒక కవరు తెచ్చి చేతిలో పెట్టి, మధ్యవర్తి చెల్లాయికి తెచ్చిన సంబంధం, చూడమన్నాడు. కవరులోంచి నా చెవులు బయటికి వచ్చాయి.

నాన్నకు ఆ సంబంధం నచ్చింది. కుర్రాడి చేతిలో పని ఉంది, మధ్యవర్తికి తెలిసిన కుటుంబం, ఉన్నదీ దగ్గరే, పెళ్ళిచూపులకు రమ్మందామా అంటున్నాడు. అమ్మకూ ఇష్టమే. పట్నంలో ఉన్న కొడుకు మాట కోసం ఆగారంతే. నేను ఆ ఫొటో బల్ల మీద పెట్టి, ఇది నా చేత్తో మార్చిన ఫొటో, అసలు మనిషి వేరు, హిప్పీ జుట్టు, ఆటోనగర్ బ్యాచ్, ఆదివారమొస్తే గుంపులుగా తిరుగుతారు, మా స్టూడియోలో వాళ్ళను కుర్చీల్లో కూడా కూర్చోనివ్వం అని గడగడా చెప్పేశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ కుర్రాడి గురించి నాకు నిజంగా తెలిసింది కూడా ఏమీ లేదు. నాన్న మొహం చిన్నబోయింది. ఇంకెక్కడైనా చూద్దాంలే అని ఫొటో తిరిగి కవరులో పెట్టేశాడు.

ఆ వచ్చే ఆదివారమే ఆ కుర్రాడు ఒంటరిగా స్టూడియోకు వచ్చాడు. మా వైపు నుంచి వాళ్ళకు ఇంకా ఏ కబురూ చేరినట్టు లేదు. ఓనరుగారు పెళ్ళి ఆర్డరు మీద వెళ్ళారు, నేనొక్కణ్ణే ఉన్నాను. చూడగానే గుర్తుపట్టలేదు. జుట్టు మెడ పైకి కత్తిరించి ఉంది, కృతాలు లేవు. చెవులు మాత్రం నేను గీసినవి కావు, కాస్త పెద్దవి, బయటికి విచ్చుకుని ఉన్నాయి. అలవాటు కొద్దీ మెట్ల మీద కూర్చోబోతుంటే లోపలికి రమ్మన్నాను.

"మా అమ్మ మీ దగ్గర ఫొటో మార్పించిందంటండీ. నాకు మొన్ననే తెలిసింది. ఆ అమ్మాయి అది చూసి ఒక మనిషిని అనుకుంటది గదండీ, తీరా నేను ఇంకోలాగా వెళ్తే మోసం చేసినట్టే గదా. అందుకే కత్తిరించేశా. మూడేళ్ళ జుట్టండీ," అని మెడ తడుముకుని నవ్వాడు. తర్వాత, "ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు తీయండి. చేతులు కూడా పడాలండీ. నేను చేసేది లేతు పని అని ఆ అమ్మాయికి తెలియాలి," అన్నాడు.

కోటు వేసుకుంటారా అని అడిగాను. ఆటోనగర్ కుర్రాణ్ణి నేను మీరు అనడం అదే మొదటిసారి. వద్దండీ అన్నాడు. కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు, గోళ్ళలో నలుపు అట్లాగే ఉంది, నేను బటను నొక్కాను. ఆ అమ్మాయి మా చెల్లెలేనని చెప్పడానికి నోరు రాలేదు. నెగటివు కడిగాక బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పెన్సిలు తీయలేదు.

మంగళవారం ఆ ప్రింటు సంచిలో పెట్టుకుని, దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ ఊరికి వెళ్ళాను. అన్నాల దగ్గర నాన్న తనే ఆ మాట ఎత్తాడు.

"మధ్యవర్తికి ఇంకా వద్దని చెప్పలేదురా. మనసు ఒప్పట్లేదు. ఆ కుర్రాడు నీకు బాగా తెలుసా?"

చెల్లెలు వడ్డిస్తూ అక్కడే నిలబడి ఉంది. సంచి నా వెనకే గోడకు ఆనించి ఉంది. చెయ్యి చాపి ఆ ఫొటో తీసి, నేను పొరబడ్డాను నాన్నా అంటే సరిపోయేది. కానీ పోయిన వారం అంత గట్టిగా చెప్పినవాణ్ణి, మొహం చూసి మనిషిని చదవగలడని ఇంట్లో పేరు తెచ్చుకున్నవాణ్ణి, ఇప్పుడు నాకేమీ తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. తెలుసు నాన్నా అన్నాను. సంబంధం అంతటితో ఆగిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

ఆ కుర్రాడు ఫొటో కోసం మళ్ళీ రాలేదు. మరుసటి ఏడాది చెల్లెలికి బందరులో గుమాస్తా ఉద్యోగం చేసే ఆయనతో పెళ్ళయింది. మా బావగారు మంచి మనిషి, వాళ్ళ సంసారానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. చాలాకాలం తర్వాత నా స్కూటరు పనిమీద ఆటోనగర్ వెళితే, రెండు లేతులున్న ఒక షెడ్డు ముందు అతను కనిపించాడు. నెరిసిన జుట్టు మళ్ళీ భుజాల దాకా ఉంది. స్టూడియో ఆయన గదా మీరు అని గుర్తుపట్టి, టీ తెప్పించి, ఫొటోకు రాలేకపోయానండీ, ఏమీ అనుకోకండి అన్నాడు. ఆ టీ ఎట్లా తాగానో నాకే తెలియదు.

మొన్న ఆదివారం చెల్లెలూ బావగారూ మా ఇంటికి వచ్చారు. గ్రూపులో ఆ లిఫ్టు ఫొటో చూసినప్పటి నుంచీ లోపల నలుగుతున్నది ఇక ఆపుకోలేక, బావగారు కునుకు తీస్తున్నప్పుడు చెల్లెలికి అంతా చెప్పేశాను. చెవుల సంగతి విని పడిపడి నవ్వింది. ఆ ఫొటో ఉందా అని అడిగింది. తెచ్చి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొహం చూసింది, చేతులు చూసింది, వెనక్కి తిప్పి ఏమైనా రాసి ఉందేమోనని చూసింది.

"నాన్న నిన్నడిగాడు, నువ్వు నాన్నకు చెప్పావు, నాన్న మధ్యవర్తికి చెప్పాడు. నన్ను చూడనైనా చూడని ఆ అబ్బాయి కూడా నన్ను మోసం చెయ్యకూడదని జుట్టు కత్తిరించుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను గదా అన్నయ్యా. నన్నొక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదా?" అంది.

కోపంగా అనలేదు. ఫొటో నాకిచ్చేసి, ఆయనకు మాత్రలిచ్చే వేళయిందని లేచి లోపలికి వెళ్ళింది. దాని మనవరాలు ఈ మధ్యే ముగ్గురు కుర్రాళ్ళ ఫొటోలు తన ఫోనులో తనే చూసుకుని, వాళ్ళతో తనే మాట్లాడి, ఇద్దరికి వద్దని తనే చెప్పి, మూడో అతన్ని ఇంటికి తీసుకొచ్చి అందరికీ చూపించింది. ఆ పిల్ల ధీమా చూస్తే ముచ్చటేస్తుంది, మా చెల్లెలి తరఫున కొంచెం అసూయ కూడా వేస్తుంది. అడిగి ఉంటే ఏమనేదానివమ్మా అని నా నోటిదాకా వచ్చింది. మనవరాలున్న మనిషిని ఇప్పుడా మాట అడిగి ఏం చేసుకోను, ఫొటో తీసుకెళ్ళి దాని చోట పెట్టేశాను.