మూడోసారి అడగని దీవి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఇరవయ్యారేళ్ల వయసు, మాంచెస్టర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం, ఏ ట్రాము ఎక్కడ మారాలో కళ్లు మూసుకుని చెప్పగలిగేంత పరిజ్ఞానం. అన్నిటికీ మించి, నేను గోదావరి మధ్య లంకలో పుట్టినదాన్ని. బడికి వెళ్లాలన్నా, పెళ్లికి వెళ్లాలన్నా, పంటి నొప్పికి డాక్టరు దగ్గరకు వెళ్లాలన్నా రేవులో పంటు పడవ ఎక్కాల్సిందే. అందుకని స్కాట్లాండ్ పక్కనున్న ఒక చిన్న దీవిలో ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చినప్పుడు, నా ఫ్లాట్‌మేట్ అయిన గుంటూరు అక్క "సముద్రం మధ్యలోకా? ఒక్కదానివే ఎట్టా పోతావే?" అని గుండెలు బాదుకుంటే, "దీవి నాకు కొత్తా అక్కా, నీళ్ల మధ్యే పుట్టాను" అని చెప్పి జడేసుకున్నాను. (ఆ జడ కూడా ఇంటర్వ్యూ కోసమే. మామూలు రోజుల్లో క్లిప్పుతో సరి.)

ధైర్యం అలా ఉంది గానీ, లోపల అసలు సంగతి వేరే. నేను పనిచేసే నర్సింగ్ హోమ్ మూతపడుతోంది. వీసాకి స్పాన్సర్ చేసే ఇంకో ఉద్యోగం గడువులోపల దొరక్కపోతే పెట్టె సర్దుకుని ఇంటికి పోవాలి. నన్ను సాగనంపేటప్పుడు మా సంఘంలో పాస్టరుగారు ప్రత్యేక ప్రార్థన పెట్టించి, చేతులు తలమీద ఉంచి పంపారు. అంత ప్రార్థన చేయించుకుని వెళ్లిన పిల్ల ఏడాదిన్నరకే తిరిగొస్తే ఎవరి మొహం చూడాలి? అప్పటికి మూడు ఇంటర్వ్యూలు పోయాయి. ఇది నాలుగోది, దాదాపు ఆఖరిది.

గ్లాస్గోలో ఎక్కిన విమానాన్ని చూస్తే మా ఊరి షేర్ ఆటో గుర్తొచ్చింది. చిన్న విమానం కదా, బరువు చూసి సీట్లు ఇస్తారట, కౌంటర్లో అమ్మాయి నా బరువెంతని అడిగింది. పదిమంది వింటుండగా నిజం ఎలా చెబుతాం? నాలుగు కిలోలు తగ్గించి చెప్పాను. పైకి లేచాక విమానం ఎడమవైపుకి వంగినప్పుడల్లా, నేనూ ఎడమవైపే కూర్చున్నాను కాబట్టి, ఆ నాలుగు కిలోలే ఇంతమందినీ ముంచేస్తున్నాయని పాపభీతితో ప్రార్థన చేసుకున్నాను. ప్రభువు క్షమించాడు. పదకొండింటికి క్షేమంగా దిగాం.

ఎయిర్‌పోర్ట్ అంటే ఒక గది. పసుపు జాకెట్ వేసుకున్న ఒకాయన చేతులూపి విమానాన్ని ఆపాడు. ఆయనే మెట్లు తెచ్చి పెట్టాడు, ఆయనే సామాన్లు దించాడు. లోపలికొస్తే కౌంటర్ వెనక కూర్చుని బ్యాగులు ఇస్తున్నదీ ఆయనే. నా పన్నెండున్నర ఇంటర్వ్యూ దీవికి ఉత్తరం చివర, ముసలివాళ్లని చూసుకునే కేర్ హోమ్‌లో. పదకొండున్నరకి బస్సుందని ముందే ఫోన్‌లో టైంటేబుల్ చూసి పెట్టుకున్నాను. ఆ టైము పక్కన చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంది. కనిపించిన నక్షత్రాలన్నీ పట్టించుకుంటే బతకగలమా అని వదిలేశాను.

బయటికొచ్చి నిలబడ్డానో లేదో, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ, విమానంలో వచ్చిన మందుల పెట్టె కారులో పెట్టుకుంటూ, నన్ను చూసి నవ్వింది. బూట్లనిండా బురద. కారు వెనకసీట్లో కుక్క. "ఉత్తరం వైపుకా? నేనూ అటే. ఎక్కు" అంది.

ఇక్కడ మా అమ్మ పెంపకం గురించి రెండు మాటలు చెప్పాలి. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే, పెడతామంటే, మొదటిసారి ఒప్పుకోకూడదు. "అబ్బే, వద్దండీ" అనాలి. వాళ్లు మళ్లీ అడుగుతారు. "ఇప్పుడే తిన్నానండీ" అనాలి (తినకపోయినా సరే). మూడోసారి బలవంతం చేస్తారు. అప్పుడు మొహమాటపడుతూ ఒప్పుకోవాలి. అడిగిన వెంటనే సరేనన్న పిల్లని మా లంకలో ఆకలిమొహంది అంటారు. అందుకని నేను నా మర్యాదంతా కూడగట్టుకుని, "నో నో, ఇట్స్ ఓకే, థాంక్యూ" అన్నాను. అంటూనే ఆవిడ రెండోసారి అడుగుతుంది కదా అని ఒక అడుగు కారు వైపు వేశాను కూడా. ఆవిడ "సరే అయితే" అని కారెక్కి వెళ్లిపోయింది. గాల్లో లేచిన నా రెండో అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాను.

బస్సు రాలేదు. పన్నెండవుతుండగా గొర్రెల బండి లాక్కుంటూ ఒక ముసలాయన జీపు ఆపి, "లిఫ్ట్ కావాలా అమ్మాయ్?" అన్నాడు. నాకు కావాలి. ఒళ్లంతా కావాలనే అంటోంది. నోరు మాత్రం "నో నో, బస్ ఈజ్ కమింగ్" అంది. ఆయన టోపీ ఎత్తి దండం లాంటిదేదో పెట్టి వెళ్లిపోయాడు. ఎంత మర్యాదస్తులో, ఒక్కసారి వద్దంటే వద్దనే! వీళ్ల మర్యాద నా ప్రాణం మీదికొచ్చేలా ఉందని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఇంతలో పసుపు జాకెటాయన ఎయిర్‌పోర్టుకి తాళం వేశాడు. ఎయిర్‌పోర్టుకి తాళం వేయడం నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం విమానం దాకా ఇక పని లేదట. తాళంచెవి జేబులో వేసుకుంటూ, "ఎక్కడికి? నేను దింపుతా రా" అన్నాడు. ఇప్పటికే రెండు దెబ్బలు తిన్నాను కదా, బుద్ధి రావాలి కదా? అమ్మ ఇరవయ్యేళ్లు నేర్పిన పాఠం ముందు బుద్ధి ఏం చేస్తుంది. "మీకెందుకు శ్రమ, బస్సులో వెళ్తాను" అన్నాను.

"బస్సా? నిన్న ఫోన్ చేశావా?"

"ఎవరికి?"

"నాకు. బస్సు నేనే నడుపుతాను. ముందు రోజు ఫోన్ చేసినవాళ్లుంటేనే తీస్తాను. టైంటేబుల్లో నక్షత్రం పెట్టాం కదా."

ఫోన్ తీసి ఆ నక్షత్రం వంక చూశాను. ఆయన మాత్రం, నేను లిఫ్ట్ వద్దన్నాను కాబట్టి ఇక ఇబ్బంది పెట్టకూడదన్నట్టు, "సరే, నడవడానికి మంచి రోజే" అని కారెక్కి స్టార్ట్ చేశాడు. కారు కదిలింది. దానితోపాటు నా ఉద్యోగం, నా వీసా, పాస్టరుగారి ప్రార్థన అన్నీ కదిలి వెళ్లిపోతున్నాయి. ఆ క్షణంలో నాకు ఏ దేవత పూనిందో గానీ, ఇంటర్వ్యూ చెప్పులు చేత్తో పట్టుకుని, రేవు వదిలిన పంటు వెనక పరిగెత్తినట్టు ఆ రోడ్డు మీద పరిగెత్తాను. "ఆగండాగండి! నేనొస్తా! నేనొస్తానండీ!" అని కేకలు. మొత్తం తెలుగులోనే. ఏ భాష అయితేనేం, ఆ కేకకి అర్థం నీళ్ల మధ్య బతికేవాళ్లందరికీ తెలుసనుకుంటాను. కారు ఆగింది.

దారిలో ఎదురొచ్చిన ప్రతి కారుకీ ఆయన స్టీరింగ్ మీద నుంచి ఒక వేలెత్తి పలకరిస్తూ తాపీగా నడిపాడు. కేర్ హోమ్‌లో నేను అడుగుపెట్టేసరికి పదినిమిషాలు ఆలస్యం. ఇంటర్వ్యూ గదిలో బల్ల వెనక ఇద్దరున్నారు. వాళ్లలో మేనేజరు, బల్ల కింద నుంచి కనిపిస్తున్న రబ్బరు బూట్లతో సహా, పొద్దున నన్ను కారెక్కమన్న పెద్దావిడ. ఆమె కాళ్ల దగ్గర కుక్క.

"టీ?" అంది. నాలిక పిడచకట్టుకుపోయి ఉంది. "నో నో, ఇట్స్ ఓకే" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "నాతో రావడం కన్నా రాని బస్సు కోసం నిలబడ్డమే నయమనిపించిందా? ఏం, కుక్కంటే భయమా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. ఎలాగూ పోయే ఉద్యోగమే కదా అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా ఊళ్లో మొదటిసారి వద్దంటే దానికి అర్థం మళ్లీ అడగమని, రెండోసారి వద్దంటే కాస్త బతిమాలమని, మూడోసారికి కారెక్కుతామని. పక్కనున్నాయన రాసుకుంటున్న పెన్ను ఆపాడు. ఆవిడ నవ్వలేదు. ఒక ప్రశ్న అడిగింది. "మా దగ్గర ఒక తొంభై ఏళ్ల ఆవిడుంది. పొద్దున్నుంచి ఏమీ తాగలేదు. టీ తీసుకెళ్తే వద్దంటోంది. నువ్వైతే ఏం చేస్తావ్?"

ముందు మూడు ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్నకే పుస్తకంలోని జవాబు చెప్పి చెడగొట్టుకున్నాను. ఈసారి ఆలోచించకుండా వచ్చేసింది. "ముందు సరే అంటానండీ. ఐదు నిమిషాలాగి వేరే కబురేదో చెబుతూ మళ్లీ అడుగుతాను. మూడోసారి వెళ్లినప్పుడు అడగను, రెండు కప్పులు తీసుకెళ్తాను. ఒకటి నాకు. ఆవిడ పక్కన కూర్చుని నాది తాగుతాను. అప్పటికీ వద్దంటే అది నిజంగా వద్దనే. కానీ చాలామంది పెద్దవాళ్లది వద్దనడం కాదండీ, మనకి శ్రమ ఇవ్వకూడదనుకోవడం."

ఆవిడ లేచి, నా ముందు ఒక కప్పు టీ పెట్టింది. "ఇది రెండోసారి" అంది. నేను "పర్లేదండీ" అన్నాను (ఇప్పటికీ ఎందుకన్నానో నాకు తెలియదు). ఆవిడ ఇంకో కప్పు తనకోసం పోసుకుని, నా పక్క కుర్చీలో కూర్చుని తాగడం మొదలుపెట్టింది. నేను తాగాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, టీ వేడికని చెప్పాను.

ఆ ఉద్యోగంలోనే ఇన్నేళ్లూ ఉన్నాను. ఇప్పుడు నాకో చిన్న కారుంది, నేనూ ఎదురొచ్చినవాళ్లకి వేలెత్తుతాను. ఎవరైనా లిఫ్ట్ ఇస్తామంటే తలుపు తీసేలోపే ఎక్కి కూర్చుంటాను. బస్సాయన నన్ను చూసినప్పుడల్లా "నిన్న ఫోన్ చేశావా?" అంటూనే ఉంటాడు.

పోయినేడు లంకకి వెళ్లినప్పుడు మా మేనత్త ఇంటికి వెళ్లాను. "కాఫీ తాగుతావేంటే?" అంది. "తాగుతానత్తా" అన్నాను. అత్త మొహం చూడాలి! ఇంట్లో పాలు లేవు. మావయ్యని పక్కింటికి పరిగెత్తించి, "ఒక్కసారి అడిగితేనే సరేనందేంటి ఈ పిల్ల! అక్కడ తిండి పెట్టట్లేదో ఏంటో" అని వంటింట్లోంచి గొణుగుతూనే ఉంది. కాఫీ బాగుంది. కానీ తాగుతుంటే ఏదో వెలితి. పాడు తొందరలో సరేననేసి ఆ రెండోసారి, మూడోసారి అడిగే బతిమాలింపు చేజేతులా పోగొట్టుకున్నానని, అదంటే నాకెంత ఇష్టమో అప్పుడు తెలిసింది.

వెళ్లొస్తానని లేచాను. అత్త గుమ్మంలోకి వచ్చి, "అన్నం తినేసి ఎళ్లకూడదేంటే?" అంది. "వద్దత్తా, ఇప్పుడే కదా కాఫీ తాగాను" అన్నాను. అని, వాకిట్లో చెప్పులు సగం తొడుక్కుని, ఆ సగం దగ్గరే ఆగి నిలబడ్డాను.