విడిపోవాల్సిన కుట్టు

ఆయనకు ఇంట్లో పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. రేవు వీధిలో అందరికీ ఆయన మొండికుట్టే. పడవల మీద కప్పే టార్పాలిన్లు, లారీ పట్టాలు, సీటు కవర్లు, గుడారాలు, ఏది చిరిగినా ఆ ఒంటిగది కొట్టుకే వచ్చేది. ఒకసారి ఈదురుగాలికి ఒక పడవ కప్పు ఎగిరిపోయి, కొక్కేలు ఊడి, గుడ్డ పీలికలై, ఎక్కడో కంచెకు చిక్కుకుని దొరికింది. దాంట్లో చెక్కుచెదరనిది ఆయన వేసిన కుట్టు ఒక్కటే. పడవ యజమాని ఆ పీలికను తెచ్చి కొట్టు గుమ్మానికి వేలాడదీసి వెళ్ళాడు. ఇక ఆయనకు వేరే బోర్డు అక్కర్లేకపోయింది.

పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. వయసులో ఉన్నప్పుడు రేవు గోడ మీద కూర్చుని, జనం పారేసిన కప్పుల కుట్లు విప్పి చూసేవాడు. ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది, దారం పాతదా, సూది లావా, ముడి సరిగ్గా పడలేదా. బాగున్న కుట్టు ఏమీ చెప్పదనీ, తెగిన చోటే పని కనబడుతుందనీ ఆయన నమ్మకం. అలా విప్పీ విప్పీ, తెగని కుట్టు చేతికి వచ్చింది. నైలాను దారానికి మైనం పట్టించి, రెండు వరసలు వేసి, కొసల దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ కుట్టి ముడి వేశాడంటే దాన్ని విప్పడానికి కత్తెర ఉండాల్సిందే.

కిటికీ పక్కన రెండో మిషను మీద ఆయన భార్య పరదాలు, దిండు గలీబులు కుట్టేది. నోరున్న మనిషి. "ఈయన కుట్టు విప్పడం కన్నా ఈయన మనసు మార్చడం తేలిక. అదీ అయ్యే పని కాదనుకోండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

అలాంటి కొట్టుకి ఒకరోజు రేవు అవతల ఉన్న సముద్ర పరిశోధన కేంద్రం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. డాక్టరు అన్న మాట చెవిన పడగానే భార్య మిషను ఆపి, మోకాలి నొప్పి సంగతి మొదలుపెట్టింది.

"నేను గడ్డి డాక్టర్ని, పిన్నీ" అంది ఆమె నవ్వుతూ.

"గడ్డికి కూడా జబ్బులొస్తున్నాయా? మరి మా వంతెప్పుడు?"

డాక్టరమ్మ బల్ల మీద అరచెయ్యంత గోనె సంచి ఒకటి పెట్టింది. ఊరి ముందున్న ఆ లోతు తక్కువ నీళ్ళ అడుగున ఒకప్పుడు పచ్చిక బయలులా గడ్డి ఉండేదట. చిన్న చేపలు, రొయ్య పిల్లలు అందులో తలదాచుకునేవట. లంగర్లు గీరీ గీరీ, మురుగు చేరీ, ఇప్పుడక్కడ బట్టతల మిగిలింది. గింజలు విడిగా చల్లితే పోటుకు కొట్టుకుపోతున్నాయి. సంచిలో ఇసుక, గింజలు పోసి అడుగున పెడితే కదలవు. మొలక సందుల్లోంచి పైకి వస్తుంది, వేరు కిందికి దిగుతుంది, సంచి కుళ్ళిపోతుంది.

"కుళ్ళిపోతుందా?" అన్నాడు ఆయన.

"కుళ్ళిపోవాలి, బాబాయ్. ఇదిగో దారం. దీంతోనే కుట్టండి."

ఆమె వెళ్ళాక ఆ నూలు దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. టప్పున తెగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ తెగింది.

"ఇది దారమంటే సాలెపురుగు నవ్వుతుంది" అన్నాడు.

"ఆ పిల్ల దాంతోనే కుట్టమంది కదయ్యా."

"గడ్డి సంగతి ఆ పిల్లకి తెలుసు, దారం సంగతి నాకు తెలుసు. సంచి కుళ్ళితే కుళ్ళనీ. కుట్టు ఎందుకు తెగాలి? నా కొట్లోంచి పోయిన సరుకు సముద్రంలో విచ్చుకుంటే రేపు గుమ్మానికి ఏం వేలాడదీసుకోను?"

ఇందులో ఆయనకు మోసమేమీ కనబడలేదు. ఒకరు అడిగిన దానికన్నా మేలైన సరుకు ఇవ్వడం తప్పెలా అవుతుంది? మైనం పట్టించిన నైలాను దారం తీశాడు, గోనె రంగుదే. రెండు వరసలు. కొసలకు ముడులు. సంచుల కోసం డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. గింజలు తొట్లలో ఎదురుచూస్తున్నాయట. ఒక సంచి ఎత్తి చూసి, "ఎంత బాగా కుట్టారు బాబాయ్, ఒక్క ఇసుక రేణువు జారదు" అంది. ఆయన భార్య వైపు గర్వంగా చూశాడు. భార్య సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు.

నెలలు గడిచాయి. గడ్డి సంగతి ఆయన మరిచిపోయాడు. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో సంచి లేదు. గోనె ఆనవాలే లేదు. ఉన్నదల్లా కుట్టు. సంచి ఆకారంలో, మూడు వైపులా, ఎక్కడా తెగకుండా, ముడులతో సహా, ఉత్త కుట్టు. దాంట్లో మెలిపడి ఎండిపోయిన గడ్డి పరకలు, ఒక బుల్లి పీత.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. గుండె పొంగిపోయింది.

"చూశావుటే! ఒక్క పోగు జారలేదు!"

నవ్వాలో ఏడవాలో తెలియనట్టుంది డాక్టరమ్మ ముఖం. పీత ఎందుకు కదలడం లేదో ఆయనకు అప్పుడు తట్టింది.

"గోనె పోయింది, ఇది పోలేదు బాబాయ్" అంది చివరికి. "అలలకు కదిలి మొలకల్ని చుట్టేసి పీకేసింది. మేమంతా నీళ్ళలోకి దిగి ఒక్కొక్కటీ ఏరుకొస్తున్నాం. దొరకనివి అలాగే ఉంటాయి."

"ఎన్నాళ్ళు?"

"మనం పోయాక కూడా."

ఇన్నాళ్ళూ ఆయన కోరుకున్నది సరిగ్గా ఇదే. అది ఇలా ఒక పళ్ళెంలో పడి నేరంలా కనబడుతుంటే ఆయన బుర్ర తిరిగిపోయింది. మంచి పని ఇదే కదా? మరి తప్పెక్కడుంది?

డాక్టరమ్మ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. గింజలు మళ్ళీ పండాయట. రేవు అధికారులు ఇంకొక్కసారి నాటడానికి మాత్రమే ఒప్పుకున్నారట. ఈసారి కూడా మొలవకపోతే ఆ మేరంతా పడవల లంగర్లకు ఇచ్చేస్తారు, గడ్డి మాట ఇక ఉండదు. సంచులు ఇంకెక్కడైనా కుట్టించమని కేంద్రంలో వాళ్ళు గట్టిగా అన్నారట.

"ఇంకోచోట కుట్టించి చూశాను. గింజలు కారిపోతున్నాయి. మీ చేతి సంచి కారదు. అందుకే వచ్చాను."

"అంటే చెడగొట్టి కుట్టమంటావా?"

"చెడగొట్టొద్దు. బాగానే కుట్టండి. కానీ కొన్నాళ్ళకే."

"కొన్నాళ్ళకే అయితే బాగా కుట్టడం ఎలా అవుతుంది తల్లీ?"

"వేరు పట్టేదాకా పట్టుకోవాలి. తర్వాత అడ్డు తప్పుకోవాలి."

"అదొక్కటి ఈయనకు చేతకాదమ్మాయ్" అంది భార్య. "నేను ఇల్లు ఊడుస్తుంటేనే అడ్డు తప్పుకోడు."

డాక్టరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. నూలు దారం రీలు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

మర్నాటి నుంచి ఆయన తన చేతితో తానే పోట్లాడాడు. దాన్ని ఎంత అదుపులో పెట్టినా, కుట్టు చివరికి రాగానే అది దానంతట అదే వెనక్కి తిప్పి ముడి వేసేసేది. విప్పేవాడు. అలవాటుగా బిగించి లాగితే నూలు పుటుక్కున తెగేది. పళ్ళు నూరేవాడు. మిషను బిగింపు మర వదులు చేశాడు, సన్న సూది వేశాడు, తొక్కుడు నెమ్మది చేశాడు. వదులైతే గింజ కారుతుంది, బిగిస్తే దారం తెగుతుంది. ఈ రెంటి మధ్య వెంట్రుకవాసి చోటుంది. ఇంత కష్టమైన కుట్టు తన జన్మలో వెయ్యలేదని ఒప్పుకోవడానికి ఆయనకు మనసు రాలేదు.

కొట్టు వెనక బకెట్టులో సముద్రపు నీళ్ళు పోసి, ఇసుక వేసి, మాదిరి సంచులు నానబెట్టాడు. వచ్చిపోతూ ఒకటి తీసి లాగి చూసేవాడు. లాగే ముందు ఏమవ్వాలని కోరుకోవాలో ఆయనకు తెలిసేది కాదు. తెగకపోతే డాక్టరమ్మ ముఖం గుర్తొచ్చేది. తెగితే గుమ్మానికి వేలాడే పీలిక గుర్తొచ్చేది.

"నీ కంపు బకెట్టు తీస్తావా, నన్ను పారబొయ్యమంటావా?" అని అరిచింది భార్య.

"ముట్టుకోకు! చెడుతోందో లేదో చూడాలి."

"చెడకపోతే ఏడుస్తావు, చెడితే ఏడుస్తావు. నీకు కావాల్సిందేమిటయ్యా?"

చివరికి ఒక సంచి నెమ్మదిగా, అంచు వెంట ఒక్కొక్క కుట్టే వదులుతూ, అరచెయ్యి విప్పినట్టు విచ్చుకుంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన చేతిలో కుట్టు విచ్చుకుంటే మొదటిసారి కోపం రాలేదు. ఎందుకు రాలేదో తెలియక ఇంకాస్త చిరాకుపడ్డాడు. మిగతావన్నీ అదే తీరున కుట్టి పంపాడు.

కొన్ని నెలల తర్వాత గడ్డి చూడ్డానికి ఆయన్ని డాక్టరమ్మే పిలిచింది. ఆటు సమయంలో చిన్న పడవలో తీసుకెళ్ళి, అడుగున అద్దం బిగించిన చెక్కపెట్టె చేతికిచ్చింది. దాన్ని నీళ్ళ మీద ఆనించి కళ్ళు పెట్టి చూశాడు. అడుగున ఇసుక. ఒకచోట పచ్చగా, పల్చగా, పసిపిల్ల జుట్టులా గడ్డి అలకు ఊగుతోంది. దాని సందుల్లోంచి గోరంత చేప ఒకటి బయటికొచ్చి మళ్ళీ దూరింది. ఆ పక్కనే ఇంకోచోట ఏమీ లేదు, ఉత్త ఇసుక.

"నా సంచులేవమ్మా?"

"ఇక్కడే పెట్టాం, బాబాయ్."

"కనబడవే?"

"లేవు కదా."

"మరి ఆ బోడిగా ఉన్నచోట?"

"అక్కడా మీవే పెట్టాం. ఎందుకు మొలవలేదో మాకూ తెలీదు. పీతలు తిన్నాయో, గింజలే మంచివి కావో. చూడాలి. ఈమాత్రం మొలిచింది కాబట్టి ప్రస్తుతానికి ఇక్కడ లంగర్లు వెయ్యనివ్వరు."

ఆయన మళ్ళీ వంగి, మెడ పట్టేసేదాకా వెతికాడు. ఒక్క దారపు పోగైనా, ఇది నా చేతిది అని చెప్పుకోవడానికి. దొరకలేదు.

కొట్టుకి తిరిగొచ్చాక భార్య అడిగింది. "ఏం చూశావు?"

"ఏమీ లేదక్కడ."

"ఏమీ లేనిదానికి మొహం అలా పెట్టావేం? బాగుందనుకోవాలా, బాగాలేదనుకోవాలా?"

"అదే నాకూ తెలీడం లేదే."

ఆయన ఇంకా చెప్పులు విప్పకముందే ఒక పడవ యజమాని గుమ్మంలో టార్పాలిన్ చుట్ట దించాడు. "కొత్త కప్పు కావాలి. నీ మొండికుట్టు వెయ్యాలి సుమా!"

ఆయన గుడ్డ విప్పి అంచు తడిమి చూశాడు. చెయ్యి అలవాటుగా నైలాను రీలు మీదికి పోయి, అక్కడే ఆగింది.

"ఎన్నాళ్ళు ఉండాలి?" అన్నాడు.

కిటికీ దగ్గర మిషను ఠక్కున ఆగిపోయింది. పడవ యజమాని గుమ్మానికి వేలాడుతున్న పీలిక వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు.

"ఇదేం ప్రశ్నయ్యా? పడవ ఉన్నన్నాళ్ళు ఉండాలి."

"పడవ ఎన్నాళ్ళుంటుంది?"

యజమాని నోరు తెరిచి, తల గోక్కుని, సాయం కోసం ఆయన భార్య వైపు తిరిగాడు.

"కూర్చో నాయనా" అంది ఆమె, ముక్కాలిపీట ముందుకు తోస్తూ. "ఇది ఇప్పట్లో తేలేది కాదు."