బారెడు పొద్దుండగా

మా అమ్మ పేరు రామలక్ష్మి. వయసు యాభై రెండు. పొద్దు వాలే వేళకు వాకిట్లో నిలబడి ఇల్లు చేరిన తలలు లెక్కపెట్టుకోవడం ఆమె అలవాటు. ఆడ తలలు మాత్రమే. మగ తలలు ఎప్పుడొచ్చినా లెక్క సరిపోతుంది మరి!

ఆ లెక్క నా వెంట స్టాక్‌హోమ్ దాకా వచ్చి, పోయిన వేసవిలో నన్నొక దీవి మీద ఎలా వదిలేసిందో వినండి.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. బయట తమిళం, ఇంట్లో తెలుగు. నాన్న పోయాక పెద్దరికమంతా పెదనాన్నది. చదువుకు స్వీడన్ పోతానంటే ఆయన వద్దన్నాడు. అమ్మ అడ్డం నిలబడింది.

"నా బిడ్డకి నేను పూచీ బావా."

"సరి. ఒక్క తప్పు నడిచిందో, రెండో ఏడు లేదు. మూట కట్టుకుని వచ్చేయాల."

కోవిల్‌పట్టి స్టేషన్‌లో రైలు కదులుతుంటే అమ్మ కిటికీ పట్టుకుని నడుస్తూ చెప్పింది. "యాడికన్నా పోమ్మే. బారెడు పొద్దుండగా మాత్రం ఇల్లు చేరాల. దినమూ ఫోన్ చేస్తా. నా మాట పోగొట్టొద్దు."

బారెడు పొద్దంటే మాకు మాట వరసకు అనేది కాదు, కొలత. మా ఊళ్లో అది సాయంత్రం అయిదున్నర. మా అవ్వ పత్తిచేలో నిలబడి, చెయ్యి చాచి ఆకాశాన్ని కొలిచి టైం చెప్పేది. వాచీకీ ఆవిడకూ ఎప్పుడూ తేడా రాలేదు. నాకూ నేర్పింది. ఆ విద్య మీద నాకు చెడ్డ గర్వం.

జూన్‌లో ఒక ఆదివారం పడవెక్కి ఆ దీవికి వెళ్లాను. ఒంటరిగా. ఏ పనీ లేకుండా! పనీ పాటా లేకుండా ఆడది ఒకచోట కూర్చోవడం మా ఊళ్లో జ్వరమొస్తేనే చూస్తాం.

ఫొటోలు తీసి తీసి మధ్యాహ్నానికే ఫోన్ చచ్చిపోయింది. పోతే పోనీ, ఇన్నాళ్లూ టైం ఫోన్‌లోనే చూసుకున్నా, ఆకాశంలో అవ్వ గడియారం ఉంది కదా! వెచ్చటి బండ మీద వెల్లకిలా పడుకున్నాను. దేవదారు చెట్ల వాసన. నీళ్ల మీద వెలుతురు కదులుతోంది, ఎవరో బంగారు రంగు చీర ఉతికి ఆరేసినట్టు. ఊరు తలుచుకున్నాను. పత్తి పగిలిన చేలు, వాటి మీద తెల్లగా మధ్యాహ్నం. కోవిల్‌పట్టి కడలమిఠాయి ఒక ముక్క బుగ్గన పెట్టుకుని కళ్లు మూశాను. పల్లీల చుట్టూ బెల్లం మెల్లగా కరుగుతోంది. కళ్లు తెరిచాను. చెయ్యి చాచి కొలిచాను. పొద్దు బాగా పైనే ఉంది. మళ్లీ కళ్లు మూశాను. మళ్లీ కొలిచాను. ఇంకా ఉంది! ఎంత మంచి సాయంత్రం, కరగడమే లేదు అనుకున్నాను. నా జన్మలో నన్ను ఇంటికి తరమని మొదటి సూర్యుడు.

చివరికి, సరిగ్గా బారెడు పొద్దుండగా, బుద్ధిమంతురాలిలా లేచి రేవుకు నడిచాను.

రేవులో పడవ లేదు. ఈత కొట్టి వచ్చిన ఒక ముసలావిడ తల తుడుచుకుంటోంది.

"సిటీకి పడవ ఎప్పుడండీ?" అని ఇంగ్లీషులో అడిగాను.

"రేపు పొద్దున."

"ఇంకా అయిదున్నరే కదా!"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎనిమిది దాటింది, అమ్మాయీ. చివరి పడవ పోయి చాలాసేపయింది."

"ఎండ ఉంది కదా!"

"ఉంటుంది. పడవ నడిపేవాడు ఎండ చూసి రాడు, గడియారం చూసి వస్తాడు."

ఎనిమిదంటే మా ఊళ్లో అర్ధరాత్రి కావస్తోంది. అమ్మ ఫోన్ చేసే వేళ ఎప్పుడో దాటింది. రెండో ఏడు ఆ పడవతో పాటే వెళ్లిపోయింది!

ముసలావిడ ఇంటికి తీసుకెళ్లి చార్జర్ ఇచ్చింది. "తర్వాత నా పడవలో దింపుతాలే" అంది. ఫోన్ వెలగడమే ఆలస్యం, అమ్మ వీడియో కాల్. వెనకాల పెదనాన్న, చొక్కా కూడా లేకుండా.

"ఏమ్మే, యాడుండావు? ప్రాణం పోయింది కదే!"

"అమ్మా, పడవ తప్పిపోయింది. కానీ చూడు, పొద్దింకా బారెడుంది!" కెమెరా కిటికీ వైపు తిప్పాను. సూర్యుడు నాకు సాక్షిగా నిలబడ్డాడు.

"నడిరాత్రి ఎండేంది? అది నిన్నటి వీడియో!" అన్నాడు పెదనాన్న. "చూస్తివా, నీ పూచీ? టికెట్ తియ్యమను, వచ్చేయమను!"

అమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని సూర్యుణ్ణి చాలాసేపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"బావా, నేను చెప్పింది బారెడు పొద్దుండగా అని. పొద్దుంది. నా బిడ్డ మాట తప్పలా. ఇంక నువ్వు పోయి పండుకో."

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. అమ్మ గొంతు తగ్గించింది.

"పొద్దే మునక్కుంటే ఆ ఊళ్లో ఆడపిల్లల్ని ఇంటికి తోలేదెవరే?"

"ఎవరూ తోలరమ్మా. వాళ్లకి పోవాలనిపిస్తే పోతారు."

ఆ సూర్యుణ్ణి ఇంకోసారి చూపించమంది అమ్మ.

ముసలావిడ పడవ నడుపుతూ, "నువ్వు ఇక్కడేం చదువుతున్నావు?" అని అడిగింది. నీళ్లలోకి చూస్తూ చెప్పాను. భూగోళశాస్త్రం.

ఆ వచ్చే ఆదివారం అమ్మ కోవిల్‌పట్టిలో సెకండ్ షోకి వెళ్లింది. వాకిట్లో పెదనాన్న నిలబడ్డాడు.