పదకొండో మగ్గు

ఆవిడను మా వీధిలో అందరూ క్లచ్ మేడమ్ అనేవారు. పొద్దున లేచింది మొదలు "క్లచ్... ముందు క్లచ్..." అంటూనే ఉండేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఉండేది గానీ, దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. నాకు బండి నేర్పింది కూడా ఆవిడే. ఈ సంగతిలో సగం నేను కళ్లారా చూసింది, తక్కిన సగం ఆవిడ అత్తగారు చెప్పింది.

ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా ఆవిడ స్టీరింగు ముట్టుకోలేదు. భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఖాళీ రోడ్డు దాటాలన్నా అటూ ఇటూ మూడేసి సార్లు చూసే మనిషి. ఇంట్లో ఒకరికైనా బండి వచ్చి ఉండాలి కదా అని ఆవిడే నేర్చుకోబోయింది. నేర్పినవాడు నోరు తెరిస్తే అరుపే. "కాస్త అరవకుండా చెప్పలేరా?" అని అడిగితే, "అంత ఇదైతే మీరే ఒక స్కూలు పెట్టి నేర్పండి" అన్నాడు. నాలుగేళ్లు తిరిగేసరికి చెయ్యి తిరిగి, పాత పెట్రోలు కారొకటి కొని, పక్క సీటు ముందు ఇంకో బ్రేకూ క్లచ్చూ పెట్టించి, ఆవిడ నిజంగానే నేర్పడం మొదలుపెట్టింది.

ఆవిడ పద్ధతి ఒకటే. రోజుకు ఒక్క సంగతి. గేర్లు నేర్పేరోజు అద్దాల ఊసెత్తదు. "రెండూ కలిపి చెప్తే ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు" అనేది.

అలాంటి మనిషికి ఆ ఏడు వానలు మొదలవగానే కారు చుక్కలు చూపించింది. ఎండలో గుర్రంలా పరిగెత్తే బండి, వాన పడితే నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయేది. అరగంట పోయాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచేది. మెకానిక్ ఒకే రోజున ప్లగ్గులు మార్చాడు, ప్లగ్గు వైర్లు మార్చాడు, వాటికి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత కూడా మార్చాడు. "ఇక వానలో ఈత కొట్టించండి మేడమ్" అన్నాడు. మూడో రోజు వంతెన మధ్యలో ఆగింది. వెనకున్న బస్సువాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మళ్లీ గ్యారేజీకి తీసుకువెళ్లేసరికి బండి తడి ఆరిపోయి ఉంది. మెకానిక్ ఒక చుట్టు తిప్పి వచ్చి తాళం చేతిలో పెట్టాడు. "బండి బంగారం. మీ దగ్గర నేర్చుకునేవాళ్లే క్లచ్ సరిగా తొక్కక ఆపేస్తున్నారేమో చూసుకోండి."

ఆ మాట ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది. అంతకంటే పెద్ద దెబ్బ ఆ వారంలోనే తగిలింది. ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్లలో యాభై దాటిన దర్జీ ఒకాయన ఉండేవాడు. లైసెన్సు పరీక్ష ఒకసారి అప్పటికే తప్పాడు. రెండోసారి వెళ్లినరోజు జోరువాన. ఎత్తు మీదికి బండి ఎక్కించాల్సిన చోట ఇంజను చచ్చింది. పరీక్ష పెట్టే అధికారి "ఇంజను ఆపేశాడు, ఫెయిలు" అని రాసి గొడుగు కిందికి వెళ్లిపోయాడు.

"నేను ఆపలేదు మేడమ్. అదే ఆగింది" అన్నాడు దర్జీ, దిగాక.

"నాకు తెలుసండీ. మీ కాలు నేను రోజూ చూస్తున్నదే."

"అయితే ఆయనకు చెప్పండి."

"చెప్తే నమ్మడు. చూపించాలి" అంది ఆవిడ.

ఆ రోజు నుంచి పాఠాలు రాసుకునే డైరీలోనే కారు ఆగిన ప్రతిసారీ రాయడం మొదలుపెట్టింది. చినుకులా, జోరా? నడుస్తుండగానా, నిలబెట్టి తీశాకా? ఎక్కడ? మూడు వారాల్లో తొమ్మిది సార్లు ఆగింది. నీళ్లు నిలిచిన గుంటల్లోంచి పోయినప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. వానలో కాసేపు నిలబెట్టి తీసినప్పుడే ఆగింది. అదీ ముందు భాగం పల్లానికి ఉన్నప్పుడే. పరీక్ష మైదానంలో కార్లు వరసలో నిలబెట్టే చోటు కూడా సరిగ్గా అలాంటి పల్లమే.

"నీళ్లు కింద నుంచి చిమ్మడం లేదు అత్తయ్యా. పై నుంచి కారుతున్నాయి" అంది ఆవిడ.

అత్తగారికి డెబ్బై రెండేళ్లు. కారంటే ఆవిడకు ఎక్కడం, దిగడం, మధ్యలో కునుకు తీయడం. "కారితే ఎక్కడో చూడు. నన్నేం చెయ్యమంటావ్?" అంది.

"నీళ్లు పొయ్యండి."

మర్నాడు మధ్యాహ్నం ఇంటి ముందు సిమెంటు వాలులో కారును పల్లానికి నిలబెట్టి, ఇంజను ఆన్ చేసి, ముందు చక్రాల దగ్గర నీళ్లు చల్లారు. ఏమీ కాలేదు. కోడలు బానెట్ ఎత్తి, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే సీసాతో ప్లగ్గు వైర్ల మీద కొట్టింది. ఏమీ కాలేదు. డిస్ట్రిబ్యూటరు మీద కొట్టింది. ఇంజను తన దారిన తాను పాడుతూనే ఉంది. బానెట్ దించి, "ఇప్పుడు ముందద్దం మీద పొయ్యండి. తొందరేం లేదు, వాన పడ్డట్టు పొయ్యండి" అని డ్రైవరు సీట్లో కూర్చుంది.

అత్తగారు స్టూలెక్కి, బకెట్టులోంచి మగ్గుతో ముంచి, లెక్కపెడుతూ పోసింది. ఆరు, ఏడు, ఎనిమిది. "నాకు చెయ్యి లాగుతోందే" అంది పదో మగ్గుకి. పదకొండో మగ్గు పోసి ఊపిరి తీసుకునేలోగా ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గి చచ్చింది.

కోడలు ఒక్క ఉదుటున దిగి బానెట్ ఎత్తింది. అద్దం కింద ఉండే జాలీ మూల నుంచి నీళ్లు బొట్టు బొట్టుగా జారి, సరిగ్గా కాయిల్ మీద పడుతున్నాయి. బ్యాటరీ కరెంటును వందల రెట్లు పెంచి ప్లగ్గులకు పంపే నల్ల డబ్బా అది. మెకానిక్ దాని జోలికే పోలేదు.

"అత్తయ్యా, చేతులు రెండూ వెనక పెట్టుకోండి. దేన్నీ ముట్టుకోవద్దు. నేను తాళం తిప్పుతాను, మీరు ఆ డబ్బా వైపే చూడండి."

అత్తగారు వెలుతురు పడకుండా నల్ల గొడుగు ఒకటి మెడ మీద ఆనించుకుని, ఆ చీకట్లోకి వంగి చూసింది. "నీలంగా ఏదో పాకిందే. సన్నగా, పురుగులా. మూతి దగ్గర నుంచి పక్కకి" అంది.

కోడలు తాళం తీసి, స్టీరింగు మీద తల ఆనించింది. ఏడుస్తోందేమోనని అత్తగారు కంగారుగా వెళ్లి చూస్తే, నవ్వుతోంది.

అక్కడితో సంబరపడి ఊరుకుంటే ఆవిడ క్లచ్ మేడమ్ ఎందుకవుతుంది? ముందు జాలీ విప్పింది. నీళ్లు బయటికి పోవాల్సిన కన్నంలో కుళ్లిన ఆకులు, మట్టి, ఒక పెన్ను మూత గడ్డకట్టి కూర్చున్నాయి. అవి తీసి మళ్లీ పోయించింది. పాతిక మగ్గులకూ ఇంజను చెక్కు చెదరలేదు. అయినా నమ్మకం కుదరక, కాయిల్ మీద నేరుగా స్ప్రే కొట్టింది. టక్కున ఆగింది. అంటే తప్పు రెండు చోట్లా ఉంది. కన్నం మూసుకుపోవడం ఒకటి, కాయిల్ మూతి దగ్గర వెంట్రుకంత చీలిక ఇంకొకటి. కొత్త కాయిల్ వేసుకుని మళ్లీ తడిపింది. ఇంజను ఏకబిగిన గంటసేపు నడిచింది.

పాత కాయిల్ తీసుకెళ్లి మెకానిక్ ముందు పెడితే, అతను దాన్ని వెలుతురుకేసి తిప్పి తిప్పి చూశాడు. మొదట "నేనూ కాయిలే అనుకున్నాను" అని నీళ్లు నమిలాడు. ఆవిడ డైరీ తెరిచి చూపించింది. పల్లం, ఎత్తు, చినుకు, జోరు అని ఉన్న పేజీలన్నీ చదివి అతను కుర్చీ దులిపి వేశాడు. "కూర్చోండి మేడమ్. నిజం చెప్పాలంటే నాకు తట్టలేదు. ఇలాంటి బండే లోపల ఇంకోటుంది. ఒకసారి వచ్చి చూస్తారా?"

"చూస్తాను. కానీ ఒక్కొక్కటే మార్చాలి" అంది ఆవిడ.

దర్జీ మూడో పరీక్ష రోజున ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. ఇంకో స్కూలువాళ్లు పరీక్ష వాయిదా అడిగి వెళ్లిపోయారు. మా కారు మైదానం పల్లంలో వానలో గంటన్నర నానింది. నేను వెనక సీట్లో ఉన్నాను, నా వంతు తర్వాత. దర్జీ తాళం వైపే చూస్తున్నాడు. పక్క సీటు అధికారిది కాబట్టి ఆవిడ బయటే నిలబడి, కిటికీలోంచి ఒక్క మాట అంది. "బండి సంగతి నాది. మీరు మీ కాలు సంగతి చూసుకోండి."

తాళం తిప్పగానే లేచింది. దర్జీ తిన్నగా పోనిచ్చి, మలుపు తిప్పి, ఎత్తు మీద ఆపాడు. వెనక్కి ఒక్క అంగుళం జారలేదు. ఇంజను ఒక్క దగ్గు దగ్గలేదు. బట్ట మీద కుట్టు వేసినంత తిన్నగా ఎక్కించేశాడు. అధికారి కాగితం మీద టిక్కు పెట్టి, "పోయినసారి ఏమైందండీ మీకు?" అని అడిగాడు.

"పోయినసారి కూడా నేను బాగానే నడిపానండీ" అన్నాడు దర్జీ, ఎంతో మర్యాదగా.

నేనూ పాసయ్యాను గానీ ఆ రోజు నన్నెవరూ పట్టించుకోలేదు. తిరుగు ప్రయాణంలో స్టీరింగు దర్జీకే ఇచ్చారు. "ఇటు నుంచి ఇల్లు దగ్గర కదా మేడమ్, కొండ దారిలో చుట్టు తిరిగి పోదామా?" అని అడిగాడాయన. ఆవిడ సరేనని పక్క సీటు వెనక్కి వాల్చి, చెప్పులు విప్పి, కాళ్లు రెండూ పెడల్స్ మీద నుంచి తీసి మఠం వేసుకు కూర్చుంది. వాన అద్దాన్ని బాదుతూనే ఉంది. ఆ దారిలో మేము రెండు చుట్లు తిరిగాం.