నాకు రావలసిన పది రోజులు

నేను కాపురానికి జగ్గయ్యపేట వచ్చేనాటికి మా అత్తగారు నిక్షేపంగా ఉన్నారు. రంగంలో, అంటే రంగూన్‌లో పుట్టి పెరిగి, అక్కడ గొడవలు మొదలయ్యాక ఇల్లూ కొట్టూ వదిలేసి యాభై దాటిన వయసులో ఓడెక్కి వచ్చిన మనిషి. 1980ల మొదట్లో ఆవిడకు మతిమరుపు ముదిరింది. తెలుగు తగ్గి బర్మా భాష ఎక్కువైంది. తిన్న చెయ్యి ఆరకముందే అరుగు మీద కూర్చుని, కోడలు అన్నం పెట్టడం లేదని వచ్చేపోయేవాళ్లకు చెప్పేవారు. వీధి వీధంతా నమ్మింది. ఒకావిడ చాటుగా పులిహోర పెడితే ఇంకొకావిడ గారెలు పెట్టేది. మర్నాడు విరేచనాల బట్టలు ఉతికింది మాత్రం ఆ పుణ్యాత్మురాళ్లు కాదు, నేను. దయ్యం పట్టిందని ఎవరో తాయెత్తు తెచ్చారు. డాక్టరు బలానికి టానిక్కు రాశాడు. మా ఆయన “పెద్దతనం కదా” అని పేపరు తిప్పేవారు.

నందిగామలో ఉన్న మా ఆడపడుచు నెలకోసారి వచ్చేది. కూతుర్ని చూడగానే ఈవిడ బుద్ధిగా కూర్చుని మనవల చదువులు అడిగేవారు. కాఫీలో పంచదార చాల్లేదని కూడా చెప్పేవారు. ఆ గంటసేపూ మతి ఎక్కణ్నుంచి వచ్చేదో నాకు తెలియదు. అమ్మకు జబ్బేమీ లేదనీ, చూసేవాళ్లు సరిగ్గా చూడక ఇలా అయిందనీ ఆడపడుచు ఒకసారి వీధి గుమ్మంలో నిలబడి పదిమందికీ వినిపించేలా అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే పది రోజులు తీసుకెళ్లి నువ్వే చూసుకోమన్నాను. మూడేళ్లుగా నేను పుట్టింటి గడప తొక్కలేదు. మా అమ్మ మంచం పట్టిందని ఉత్తరాలు వస్తున్నాయి. ఆ పది రోజులు నాకు కావాలి. అందరి ముందూ అడిగాను కాబట్టి ఆడపడుచు కాదనలేక తల్లిని వెంటబెట్టుకెళ్లింది.

నేను మా అమ్మ దగ్గర మూడు రోజులున్నాను. నాలుగో రోజు మా ఆయన కబురు పంపారు. ఆడపడుచు తల్లిని ఒంటరిగా బస్సెక్కించి, పేటలో దించమని కండక్టరుకు చెప్పి ఇంటికెళ్లిపోయిందట. పేట వచ్చిందని అతను ఎంత చెప్పినా, ఇది మా ఊరు కాదని ఈవిడ దిగలేదట. ఆ బస్సు ఆఖరున ఆగే కోదాడ బస్టాండులో, తడిసిన చీరతో, ఎవరికీ అర్థంకాని భాషలో ఏడుస్తుంటే మా వీధి కిరాణాకొట్టాయన గుర్తుపట్టి తీసుకొచ్చాడు.

మర్నాడే నందిగామ వెళ్లి కేకలేశాను. ఏ లారీ కిందో పడి ఉంటే ఏం చేసేదానివని అడిగాను. తప్పయిందని కూడా అనలేదు మహాతల్లి. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదనీ, పక్కలన్నీ పాడుచేసిందనీ, మొగుడు విసుక్కుంటున్నాడనీ ఏకరువు పెట్టింది.

“నీకంటే అలవాటైపోయింది వదినా. నాకెట్టా కుదురుద్ది?” అంది.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు చేశాను. ఒక్కరోజూ అలవాటు కాలేదు. మా అమ్మ ఆ బస్సు గొడవ జరిగిన ఏడాదే పోయింది. ఆమెకు నేను చేసింది ఆ మూడు రోజులే.