మునగాల చెరువులో కొంగల ఫోటో

ఇట్ల కూసో, సరిగ్గ విని రాయి. నైజాం పోయిన మరుసటేడు, మా పెళ్లయిన కొత్తల, మీ తాత మునగాల చెరువుల కొంగల ఫోటో తీస్తనన్నడు. అడ్డమొచ్చే తుంగను పక్కకు పట్టుకొమ్మని నన్ను బురదల నిలబెట్టిండు.

“కదలకు, మాట్లాడకు. పిట్టలు లేస్తయి” అన్నడు.

కాళ్లు దిగబడుతున్నయి. నడుముదాక మునిగినా నోరు తెరవలే, కొత్త పెళ్లికూతురిని గదా! ఇగ పాణం పోతదనుకున్న.

కెమెరాలకెల్లి చూస్తూనే మీ తాత, “ఏందే, పొట్టిగయితున్నవ్?” అన్నడు.

నాకు ఏడుపొచ్చింది. అది చూసి, ముచ్చటపడి కొన్న కెమెరాను బురదల పారేసి ఉరికొచ్చి నన్ను గుంజిండు. కొంగలన్నీ లేచిపోయినయి. కెమెరా ఖరాబయింది.

“పిలవొద్దా పిచ్చిదానా! ఫోటో పోతే పోనీ!” అని నన్నే తిట్టిండు.

అంత పాణం పెట్టి నన్నెవరూ తిట్టలే. అందుకే ఇప్పటికీ కొంగలు కనపడితే నాకు...

“అత్తమ్మా, అన్నం సల్లారిపోతుంది, రా!”